తిట్టాడా, తట్టాడా

ఇన్నేళ్ళుగా నేను రాసిన లక్షల మాటల్లో జనానికి గుర్తున్నది ఒకే ఒక్క మాట. దాని గురించి ఉత్తరాలు వచ్చాయి, సభ పెట్టారు, పూలగుత్తి చేతికిచ్చి ఫొటో తీశారు. ఆ మాట నేను రాయలేదు. రాసినాయన ఎవరో చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. ఇదిగో, ఇప్పుడు చెబుతున్నాను. చదివాక మీరు నన్నేమనుకున్నా కాదనను.

ఆయన మా వారపత్రికలో ప్రూఫ్‌రీడరు. ఆఫీసు మెట్ల కింద, పాత సంచికల కట్టలకూ కరెంటు మీటరుకూ మధ్య మిగిలిన జాగాలో ఒక బల్ల, ఒక కుర్చీ, మెడ వంచిన దీపం. కళ్ళజోడుకు ఒక కాడ విరిగిపోతే దారం కట్టి చెవికి తగిలించుకునేవాడు. చేతిలో ఎర్రసిరా కలం. ఎవరైనా పలకరిస్తే ముందు కలానికి మూత పెట్టేవాడు. అది టక్కుమన్నాక గానీ నోరు విప్పేవాడు కాదు. విప్పినా వచ్చేది ఒకటే మాట, "దిద్దుకో." పెద్దవాళ్ళకైతే "దిద్దుకోండి."

కంపోజింగ్ వాళ్ళు ఆయనకు పెట్టిన పేరు అరసున్న. "రాసినా పలకదు, తీసేసినా లోటు తెలీదు" అని నవ్వుకునేవాళ్ళు. ముప్ఫై రెండేళ్ళు ఆ బల్ల దగ్గరే కూర్చున్నాడాయన. వత్తులు, దీర్ఘాలు, పొల్లులు, చుక్కలు, ఇంతవరకే ఆయన రాజ్యం. రచయిత మాట జోలికి చచ్చినా పోడు. ఒకసారి నేను ఒకే పేజీలో ఒకే మనిషిని రెండుసార్లు చంపాను. అయినా దిద్దలేదు. అంచున చిన్న ప్రశ్నార్థకం పెట్టి పంపాడు, అంతే.

అప్పుడు నా సీరియల్ పన్నెండో వారంలో ఉంది. ఉందంటే ఉంది. చదివేవాళ్ళు ఉన్నారో లేదో నాకు అనుమానమే. ఎడిటరు పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు. "ఏమయ్యా, నీ కథలో అందరూ మంచోళ్ళే. ఇంతమంది మంచోళ్ళని ఒక్కచోట చూస్తే నాకే ఆవలింతలొస్తున్నాయి. ఒక దుర్మార్గుణ్ణి దింపు. నెల్లాళ్ళలో నాలుగు ఉత్తరాలు రాకపోతే ఆపేద్దాం," అన్నాడు.

ఇంటికెళ్ళి ఒక దుర్మార్గుణ్ణి తయారుచేశాను. గుబురు మీసం, వెకిలినవ్వు, చేతిలో సిగరెట్టు. మా ఆవిడ చదివి, కాగితాలు సర్ది పక్కన పెట్టి, "ఇతన్ని చూస్తే భయం వెయ్యట్లేదండీ. రాసినాయన్ని చూస్తేనే జాలేస్తోంది," అంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ పూట భోజనం మానేశాను. ఆవిడ బతిమాలనైనా బతిమాలలేదు, హాయిగా గిన్నెలు కడిగేసుకుంది.

మర్నాడు ప్రూఫు కోసం మెట్ల కిందికి వెళ్ళాను. ఆయన కలానికి మూత పెట్టాడు. టక్. దారం సర్దుకుని నా మొహంలోకి చూశాడు. "ఇక్కడ వత్తు పడలేదు. దిద్దుకోండి," అన్నాడు. చిన్నప్పుడు లెక్క తప్పు చేసి మాస్టారి ముందు నిలబడ్డట్టనిపించింది. ఆహా, దొరికాడురా నా దుర్మార్గుడు అనుకున్నాను.

మూత టక్కుమనడం, దారం, ఆ ఒక్క మాట, ఇంతవరకే తీసుకుని ఉంటే పోనీలే అనుకోవచ్చు. కథలు రాసేవాడి కళ్ళు ఊరికే ఉండవు. కానీ నేను అక్కడితో ఆగలేదు. ఆయన ఇంట్లోకి కూడా చొరబడ్డాను.

ఆయనకు ఒక కూతురుంది. తల్లి లేని పిల్ల. పెళ్ళి తనే చూసుకుంది. ఆయన వద్దనలేదు, సరేననలేదు, వెళ్ళనూ లేదు. ఏడాది తిరిగాక ఆ అమ్మాయి ఉత్తరం రాసింది. పాప పుట్టింది, వచ్చి చూడమని. ఆ ఉత్తరం వారం రోజులకు ఆమెకే తిరిగొచ్చింది. తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్ది ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆయన కూతురి ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, వీధంతా వినపడేట్టు తిట్టి వచ్చాడట. ఈ సంగతులన్నీ కంపోజింగ్ గదిలో టీ తాగుతూ విన్నవే. ఆయన మెట్ల కిందే ఉన్నాడు, మేము గొంతు తగ్గించనైనా తగ్గించలేదు.

అన్నీ వాడేసుకున్నాను. నా కథలో ఆయన పేరు పెద్దాయన. బడిలో పిల్లల్ని, ఇంట్లో భార్యని, వీధిలో వచ్చేపోయేవాళ్ళని దిద్దుతూ ఉంటాడు. పదిహేనో వారానికల్లా "దిద్దుకో" అనే మాట ఊళ్ళో పాకిపోయింది. బస్సులో కండక్టర్లు అన్నారు, బడిలో పిల్లలు అన్నారు. ఉత్తరాలు సంచులతో వచ్చాయి. ఒకావిడ రాసింది, "ఆ ముసలాడు కనిపిస్తే కళ్ళజోడు దారం పట్టుకుని లాగుతాను" అని. ఎడిటరు దాన్ని పత్రికలో వేశాడు. దాని ప్రూఫు ఎవరు దిద్దారు? ఆయనే. "పట్టుకోని" అని ఉంటే "పట్టుకుని" అని దిద్దాడు.

ఆయనకు తెలియదనుకుంటూ వచ్చాను. నిజం చెప్పాలంటే, తెలియదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. కూతురికి ఎర్రసిరాతో ఉత్తరం తిప్పి పంపే ఘట్టం రాసిన వారం, ఆయన ప్రూఫు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కలానికి మూత పెట్టాడు.

"ఉత్తరంలో నాలుగు తప్పులని రాశారు," అన్నాడు.

"అవునండీ. ఏం?"

"అయిదని ఉంటే బాగుంటుందేమో. మీ ఇష్టం," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అంటే ఆయనకు అంతా తెలుసు. మనిషన్నవాడు అప్పుడే వెనకాలే పరిగెత్తి కాళ్ళు పట్టుకోవాలి. నేనేం చేశానో తెలుసా? నాలుగు కొట్టేసి అయిదు అని రాశాను. సలహా బాగుందనిపించింది మరి.

ఇరవై రెండో వారంలో గుమ్మం ముందు ఘట్టం రాశాను. పెద్దాయన మీద జనానికి ఉన్న అసహ్యం దీంతో ఆకాశాన్నంటాలి. పేజీ నిండా తిట్లు రాస్తే ఎడిటరు కోసేస్తాడు కాబట్టి పొట్టిగా రాశాను. "కూతురి గుమ్మంలో నిలబడి తిట్టాడు. మళ్ళీ తిట్టాడు. ఎవరూ తలుపు తియ్యలేదు. వెళ్ళిపోయాడు."

పత్రిక వచ్చింది. తెరిచి చూద్దును కదా, "కూతురి గుమ్మంలో నిలబడి తట్టాడు. మళ్ళీ తట్టాడు. ఎవరూ తలుపు తియ్యలేదు. వెళ్ళిపోయాడు."

నా తల తిరిగిపోయింది. నా రాక్షసుడు కాస్తా తలుపు తట్టే అనాథ అయిపోయాడు! పత్రిక పట్టుకుని ఎడిటరు గదిలోకి దూసుకెళ్ళాను. "ఆ అరసున్న నా కథలో రెండు గుళ్ళు పడగొట్టాడండీ! రెండు! ముసలాడికి కళ్ళు పోయాయి. అలాంటివాణ్ణి ఇంకా ఎందుకు మేపుతున్నారు?" అని అరిచాను. కంపోజింగ్ గది దాకా వినిపించింది.

ఎడిటరు ప్రూఫు తెప్పించాడు. చూస్తే తప్పు కంపోజింగ్‌ది కాదు. రెండు చోట్లా 'తి' మీది గుడికి ఎర్రసిరాతో చుట్టు చుట్టి, అంచుకు తోక లాగి కొట్టేసి ఉంది. ఆయన్ని పిలిచారు. ఆయన వచ్చి నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఇది నువ్వు కొట్టేసిందేనా?"

"అవునండీ."

"ఎందుకు?"

ఆయన కలానికి మూత పెట్టబోయాడు. కలం తేలేదు. చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటిని ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు చూసుకున్నాడు.

"పొరపాటండీ," అన్నాడు.

ఒకచోటయితే పొరపాటు. రెండు చోట్లా అంత శ్రద్ధగా చుట్టు చుట్టి కొట్టేస్తే అది పొరపాటెలా అవుతుంది? చదువుకున్నవాణ్ణి, ఆ మాత్రం ఆలోచించలేకపోయాను. కోపం వచ్చినవాడికి కళ్ళుండవంటారు, నిజమే. ఎడిటరు ఆయన్ని మర్నాటి నుంచి రావద్దన్నాడు. ఆయన తల ఊపి, నా వైపు తిరిగి, "మీ పని చెడగొట్టాను. ఏమీ అనుకోకండి," అన్నాడు. నేను మొహం తిప్పుకున్నాను. సాక్ష్యానికి పనికొస్తుందని ఆ ప్రూఫు కాగితం తీసుకెళ్ళి నా బల్ల సొరుగులో పెట్టుకున్నాను.

ఆయన్ని తీసేసిన నాలుగో రోజు నుంచి మొదలైంది ఉత్తరాల వాన. "పెద్దాయన్ని చంపెయ్యాలన్నంత కోపం నాకు. కానీ ఈ వారం నేనే వెళ్ళి తలుపు తీద్దామనిపించింది" అని ఒకరు. "మా నాన్నతో ఆరేళ్ళ తర్వాత మాట్లాడాను" అని ఒకరు. "ఇంతకాలం అతన్ని అసహ్యించుకున్నందుకు కాదు, ఇప్పుడు కూడా అసహ్యించుకుంటూనే ఏడుస్తున్నందుకు సిగ్గుగా ఉంది" అని ఇంకొకరు. ఎడిటరు ఆ కట్ట పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"పొరపాటే మేలు చేసిందయ్యా. ఒక్క మాటతో రాక్షసుడు మనిషైపోయాడు. ఇదంతా నువ్వు రాసిందే, అర్థమైందా?"

"మరి ఆయన్ని వెనక్కి..."

"పిలిస్తే ఎందుకు పిలిచామో నలుగురికీ చెప్పాలి. చెబుతావా?"

నేను చెప్పనన్నాను. అంటే, నోటితో అనలేదు. ఊరుకున్నాను. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే కదా.

సభ పెట్టారు. పాఠకులు మూడువందల మంది వచ్చారు. ఎవరో కుర్రలెక్చరరు లేచి, "దుర్మార్గుణ్ణి అసహ్యించుకోవాలి, జాలి కూడా పడాలి, రెండూ ఒకేసారి ఎలా సాధించారు? అసలు ఆ మాట మీకెలా తట్టిందండీ?" అని అడిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను కండువా లేకపోయినా భుజం సర్దుకున్నాను. తర్వాత గొంతు సవరించుకుని ఉపన్యాసం దంచాను. దుర్మార్గుడు చేసే తప్పు మన ఇంట్లో కూడా జరిగేంత చిన్నదై ఉండాలి, అప్పుడే ఒళ్ళు మండుతుంది. అతను కోరుకునేది మనమూ కోరుకునేదే అయి ఉండాలి, అప్పుడే గుండె కరుగుతుంది, అన్నాను. జనం పుస్తకాల్లో రాసుకున్నారు. మాట మంచిదే. అది ఎవరిని చూసి నేర్చుకున్నానో వాళ్ళకు చెప్పలేదు.

ఆ మరుసటి సోమవారం ఒకామె మా ఆఫీసుకు వచ్చింది. ముప్ఫై దాటి ఉంటాయి. మెడలో కొలత టేపు వేలాడుతోంది, తీసి రావడం మరిచిపోయినట్టుంది. జాకెట్టు చేతికి నీలం దారం ముక్క అంటుకుని ఉంది. చేతిలో మా పత్రిక.

"పెద్దాయన కథ రాసేది మీరేనాండీ?"

"అవునమ్మా. కూర్చోండి."

కూర్చోలేదు. "అది మా నాన్న కథ. మీకు తెలుసు, నాకు తెలుసు. పోట్లాటకి రాలేదు లెండి. ఉత్తరం సంగతి నేనే పక్కింటావిడకి చెప్పుకుని ఏడ్చాను. అది నలుగురి నోళ్ళలో పడి మీ దాకా వచ్చుంటుంది. కానీ ఇది మీకెవరు చెప్పారు?" అని 'తట్టాడు' మీద వేలు పెట్టింది.

ఆమె ఆగకుండా చెప్పుకుపోయింది.

"మా నాన్న తిట్టి వెళ్ళాడని పక్కింటావిడే ఊరంతా చాటింది. ఆవిడ అప్పుడు ఇంట్లోనే లేదు. తిట్టలేదండీ. తట్టాడు. ఒకసారి తట్టి ఆగాడు. మళ్ళీ తట్టాడు. నేను లోపలే ఉన్నా, పాపని ఎత్తుకుని, కిటికీ సందులోంచి చూస్తూ. తియ్యలేదు. తిట్టాడని అందరూ అంటుంటే నేనూ కాదనలేదు. తిట్టేవాడికి తలుపు తియ్యకపోతే ఎవరూ తప్పుపట్టరు కదండీ. తట్టినవాడికి తియ్యలేదంటే నేనేమైపోవాలి?"

ఏదో పని మీద వచ్చి పక్క బల్ల దగ్గర కూర్చున్న ఎడిటరు కళ్ళజోడు పైనుంచి నన్నే చూస్తున్నాడు.

"ఈ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే," అంది ఆమె. "ఆయనే ప్రూఫులో మార్చాడనుకుందామంటే, మా నాన్న పరాయివాళ్ళ మాట మార్చే మనిషి కాదు. అందుకే అడుగుతున్నా. మీతో ఏమన్నా చెప్పాడా? చెప్పుంటే నేను ఇవాళే వెళ్తానండీ. ఏడేళ్ళయింది. ఆయన నోటి వెంట ఒక్క మాట వచ్చిందని తెలిస్తే చాలు నాకు."

అప్పుడు నా మట్టిబుర్రకు అర్థమైంది. ముప్ఫై రెండేళ్ళలో పరాయి మాట ముట్టుకోని మనిషి, ఒక్కసారి ముట్టుకున్నాడు. అది అచ్చుతప్పు అని కాదు, అబద్ధం అని. కూతురు ఈ పత్రిక చదువుతుందని ఆయనకు తెలిసే ఉంటుంది. ఆమెకు చెప్పడానికి ఆయన దగ్గరున్న దారి అదొక్కటే. ఆ ప్రూఫు నా సొరుగులో ఉంది. సొరుగు నా మోకాలికి తగులుతోంది. లాగి చేతిలో పెడితే చాలు, ఆమె ఇవాళే వెళుతుంది.

పెడితే ఆ మాట నాది కాదని తేలిపోతుంది. సభలో కొట్టిన చప్పట్లన్నీ వెనక్కి ఇచ్చేయాలి.

"లేదమ్మా," అన్నాను. "అది ఊహ. రాస్తుంటే అలా తట్టింది."

"అంతేనా," అంది ఆమె. పత్రికను నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "మెట్ల కింద బల్ల ఖాళీగా ఉందే, సెలవు పెట్టాడా?" అని అడిగింది.

"పెద్దవాడైపోయాడు కదమ్మా. విశ్రాంతి తీసుకుంటున్నాడు," అన్నాడు ఎడిటరు.

ఆమె వెళ్ళిపోయింది. ఎడిటరు నా భుజం తట్టి తన పనిలో పడ్డాడు. ఛీ, నా బతుకు! ఆ రోజు నన్ను నేను తిట్టుకున్న తిట్లు పెద్దాయన చేత కూడా తిట్టించలేదు.

ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు మా ఆవిడ కూర్చోబెట్టి అడిగింది. తేలు కుట్టిన దొంగ ఎంతకాలమని నోరు మూసుకుంటాడు? అంతా చెప్పేశాను. ఆవిడ అరవలేదు. "విలన్ కోసం ఊరంతా వెతికారు కదండీ," అంది. "ఇంట్లో అద్దం ఉందిగా." లేచి వెళ్ళిపోయింది.

వెంటనే పరిగెత్తానని మీరనుకుంటారేమో. లేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ రెండు నెలలు గడిపాను. చివరికి ఆయన ఉండే ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. మేడ మీద ఒంటిగది, పక్కనుంచి ఇరుకైన మెట్లు. కింద ఇంటావిడ బట్టలు ఆరేస్తూ, "ఆయనకోసమా? చూపు బొత్తిగా పోయిందండీ పాపం. గడియ వెతుక్కోడానికే అయిదు నిమిషాలు పడుతుంది. తట్టి కాస్త ఓపిగ్గా ఉండండి," అంది.

'ముసలాడికి కళ్ళు పోయాయి' అని అరిచిన నోరు ఇదే. తొమ్మిది మెట్లు ఎక్కాను. పదో మెట్టు మీద కాలు పడలేదు. దిగి వచ్చేశాను. ఆవిడ "తియ్యలేదా?" అని అడిగితే "లేదండీ" అన్నాను. చూడండి, తట్టకుండానే ఆ నింద కూడా ఆయన మీదే వేశాను.

ఇంకో రెండు నెలలు. సీరియల్ అయిపోయింది, పుస్తకం వేస్తామన్నారు. అట్ట మీద ఏ వాక్యం వేయాలో ఎడిటరు ముందే తేల్చేశాడు. "తట్టాడు. మళ్ళీ తట్టాడు." ఆ అట్ట నమూనా ఇంటికి తీసుకెళ్ళి బల్ల మీద పెడితే మా ఆవిడ దాన్ని తిరగేసి బోర్లా పెట్టింది. మర్నాడు పొద్దున్నే ఆఫీసు సొరుగులోంచి ప్రూఫు తీసుకుని ఆ అమ్మాయి దుకాణానికి వెళ్ళాను.

చిన్న గది. గోడకు కొలతల చీటీలు, కింద గుడ్డముక్కల గుట్ట, మధ్యలో కుట్టుమిషను. ఆమె పాదం ఆపకుండానే తలెత్తి చూసింది. కాగితం ఆమె ముందు పెట్టాను.

"ఆ రోజు అబద్ధం చెప్పానమ్మా. నేను రాసింది తిట్టాడని. దిద్దింది ఆయన. దిద్దినందుకు నేనే ఉద్యోగం తీయించాను."

మిషను ఆగింది. ఆమె ఆ ఎర్ర చుట్టు మీదికి వంగింది. తర్వాత మిషను సొరుగు లాగి, బొత్తాల డబ్బా కిందనుంచి ఒక పాత ఉత్తరం తీసి పక్కన పెట్టింది. అవే చుట్లు, అవే తోకలు. నాకు తెలియకుండానే లెక్కపెట్టాను. అయిదు.

"మొదటిది చూడండి," అంది. ఉత్తరం 'నాన్న' అని మొదలైంది. చివరి అక్షరం పక్కన ఎర్రసిరాతో దీర్ఘం పెట్టి ఉంది. "పిలిచేటప్పుడు దీర్ఘం ఉండాలిట. పిలిస్తే పలకలేదు గానీ, పిలుపులో దీర్ఘం లేదని దిద్ది పంపాడు. ఎంత ఏడ్చానో! ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్ళు మండిపోతుంది నాకు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇదేమో ఇలా. ఈ మనిషిని ఏం చెయ్యమంటారు చెప్పండి?"

నేనేం చెప్పగలను? ఆయన ఆ ఉత్తరం ఎందుకలా దిద్ది పంపాడో నాకు ఈనాటికీ తెలియదు. ఊహించి రాయమంటే పది కారణాలు రాస్తాను. నా ఊహల మీద నాకిక నమ్మకం లేదు.

"ఎన్నాళ్ళయింది నేను మీ ఆఫీసుకొచ్చి?"

"నాలుగు నెలలు."

ఆమె మిషను మీద గుడ్డ కప్పింది. చెప్పులేసుకుంది. "పదండి," అంది.

ఇంటి దగ్గర ఆగి, "మీరు కిందే ఉండండి," అని ఆమె ఒక్కతే మెట్లెక్కింది. తట్టింది. లోపల ఏమీ కదల్లేదు. మళ్ళీ తట్టింది. కాసేపు చూసి ఆమె వెనక్కి తిరిగింది. రెండు మెట్లు దిగేసింది.

"నాకు కావలసిందేలెండి," అంది.

"అమ్మా, ఆగు!" అని అరిచాను. "తియ్యకపోవడం కాదు. కళ్ళు కనపడవు. గడియ వెతుక్కుంటూ ఉంటాడు. ఆగమ్మా!"

ఆమె నన్ను చూసిన చూపు మరిచిపోలేను. ఈ సంగతి కూడా నాకు తెలుసు, ఇదీ ఇన్నాళ్ళు దాచాను. గిరుక్కున తిరిగి పైకి పరిగెత్తి, తలుపుకు రెండు చేతులూ ఆనించి, "నాన్నా!" అని పిలిచింది. దీర్ఘం వీధి చివరిదాకా వినపడింది.

లోపలినుంచి "ఊఁ," అని వచ్చింది. రాసినా పలకదని మేమంతా నవ్వుకున్న అరసున్న, పలికింది.

గడియ మీద వేళ్ళు తడబడుతున్న చప్పుడు. తలుపు తెరుచుకుంది. ముందు ఒక చెయ్యి బయటికొచ్చి గాలిలో వెతికి, ఆమె మెడలోని టేపుకు తగిలి, అక్కడినుంచి చెంపకు చేరింది. కళ్ళజోడు లేదు. దారం గుర్తు మాత్రం చెవి వెనక ఉండే ఉంటుంది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. తర్వాత ఆమె నా వైపు వేలు చూపించింది. ఆయనకు కనపడదని కూడా మరిచిపోయింది.

"ఇతనే నాన్నా, కింద నిలబడ్డాడు! నిన్ను ఊరందరిచేతా తిట్టించింది, నీ ఉద్యోగం ఊడగొట్టింది, నాకు అబద్ధం చెప్పింది, అన్నీ ఇతనే! సిగ్గూ శరం లేని..."

"తిట్టకే," అన్నాడు ఆయన. చెయ్యి గాల్లో కలానికి మూత పెట్టినట్టు ఒకసారి ఆడింది. "పైకొచ్చి తట్టమను. తీద్దాం."

వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళారు. తలుపు దగ్గరికి వేశారు. గడియ పెట్టిన చప్పుడు మాత్రం వినపడలేదు. ఆయన నాకు చెయ్యాల్సిందంతా చేసేశాడు, మిగిలింది పద్నాలుగు మెట్లు. నేను వీధిలోనే నిలబడ్డాను. ఎండ ఎక్కింది. కింద ఇంటావిడ బయటికొచ్చి, "ఇవాళ కూడా తియ్యలేదా?" అని అడిగింది.

"తీశాడండీ," అన్నాను. వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను.

పుస్తకం అట్ట మీద ఆ మాట నాది కాదని వేయమన్నాను. ఎడిటరు వేయనన్నాడు, నా పేరు కూడా తీసేయమంటే పుస్తకమే ఆపేశాడు. దానివల్ల నాకు పుణ్యమేమీ రాలేదు. ఇప్పటికీ వారానికోసారి ఆ వీధి మీదుగా వెళుతుంటాను. పైనుంచి ఒక్కోసారి ఒక పాప గొంతు వినిపిస్తుంది, గట్టిగా చదువుతుంటుంది. మధ్యలో ఆయన ఏదో అంటాడు, పాప నవ్వుతుంది. నేను మెట్ల దగ్గర ఆగుతాను. ఎనిమిది నెలలైంది. ఇంకా తట్టలేదు.